కింది పేపరు

శుక్రవారం వచ్చిందంటే థార్న్‌లా హైస్కూలు వంటగదిలో చేపా చిప్సూ. లెక్కల మాస్టారు ఓర్మరాడ్ పళ్ళెం పట్టుకుని వడ్డించే కిటికీ దగ్గరికి రాగానే, జనీన్ హెస్లాప్ ట్రేలో ఉన్న చేపల్లోకెల్లా పెద్దదాన్ని వెతికి మరీ ఆయనకు వేసేది. చిప్సు రెండు గరిటెలు. తక్కిన టీచర్లందరికీ ఒకటే.

పక్కన నిలబడి బఠాణీలు వడ్డించే షారన్ కళ్ళు ఇలాంటివి వదులుతాయా?

"ఏమేవ్, లైనేస్తున్నావా? పోయి పోయి ఆ బట్టతలకా?"

"నోర్ముయ్యవే. మనిషి చిక్కిపోయాడని వేశా."

"చిక్కడమా! కోటు గుండీలు పట్టక చస్తున్నాడు, చిక్కిపోయాడట!"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు జనీన్ మొహం ఎర్రబడింది. ఇంకేం, షారన్ అదే ఖాయం చేసుకుని ఆ వసంతమంతా వంటగదిలో ఆమెను కాల్చుకు తినేసింది. నిజానికి అది వలపూ కాదు, వల్లకాడూ కాదు. ఫిబ్రవరిలో జనీన్ ఒక తప్పు చేసింది. ఆ తప్పును ఓర్మరాడ్ తన నెత్తిన వేసుకున్నాడు. దానికి బదులు ఏమివ్వాలో తెలియక పాపం చేపలు ఇస్తోంది.

జనీన్‌కి నలభై ఏడేళ్ళు. ఆ చుట్టుపక్కల ఆఖరి బొగ్గుగని మూసేసిన మరుసటేడు ఆమె పదహారేళ్ళప్పటి స్కూలు పరీక్షలు రాసింది, లెక్కల్లో తప్పింది. ఆ రోజుల్లో కాలేజీ ఎంచుకోవడమన్న మాటే ఆ ఇంట్లో లేదు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. అది మూతబడితే బేకరీ, బేకరీ తర్వాత స్కూలు వంటగది. కూతురు టీగన్‌కు నాలుగేళ్ళప్పుడు క్లాసులో టీచర్లకు సాయపడే ఉద్యోగం మీద మనసు పడింది. దానికి లెక్కల్లో పాసు కావాలన్నారు. సాయంత్రాలు కాలేజీకి వెళ్ళి చదివి, మళ్ళీ రాసింది, తప్పింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పింది. మూడోసారి పరీక్ష హాల్లో కూర్చుని పేపరు మీద పేరు రాసి, మొదటి లెక్క చూసి, కలం అక్కడే పెట్టేసి లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయింది. టీగన్ తండ్రి అప్పటికే వేరే కాపురం పెట్టుకున్నాడు కాబట్టి ఏమైందని అడిగేవాళ్ళూ లేరు.

థార్న్‌లా వాళ్ళది ఒక పద్ధతి. వాళ్ళు కాలేజీని చదువు చూసి ఎంచుకోరు, బస్సు చూసి ఎంచుకుంటారు. యాభై ఎనిమిదో నంబరు బస్సు పది నిమిషాల్లో బ్రాకెన్‌బీ కాలేజీకి పోతుంది. జుట్టు కత్తిరించడం, ఇటుకపని, ముసలివాళ్ళ సంరక్షణ, అన్నీ పనికొచ్చే చదువులే. ఇరవై రెండో నంబరు కొండలన్నీ చుట్టి యాభై నిమిషాలకు ఓస్విన్ కాలేజీకి చేరుతుంది. యూనివర్సిటీకి పోదామనుకునేవాళ్ళు రెండేళ్ళు అక్కడ చదవాలి. అమ్మ ఏ బస్సెక్కితే కూతురూ అదే ఎక్కుతుంది. ఇరవై రెండు ఎక్కేవాళ్ళను ఊళ్ళో "అబ్బో, దొరసానులండీ" అంటారు.

అయినా నవంబరులో కాలేజీలు తలుపులు తెరిచి అందరికీ చూపించే సాయంత్రాలకు అందరూ రెండింటికీ వెళ్తారు. ఉచితంగా ఇచ్చే కలాలు, గుడ్డసంచులు వదులుకుంటారా! బ్రాకెన్‌బీలో వంట నేర్చుకునే పిల్లలు చేసిన సాసేజ్ రోల్స్ జనీన్ నాలుగు తింది. ఓస్విన్‌లో పదకొండు కలాలు సంచీలో వేసుకుని చూసేసరికి పక్కన కూతురు లేదు. కెమిస్ట్రీ గదిలో ఉంది. అక్కడ మిసెస్ క్వైల్ అనే టీచరు తీగ ఒకటి మంటలో పెట్టింది. మంట ఆకుపచ్చగా మారింది.

"ఇదేంటో ఎవరు చెప్తారు?"

"రాగండీ," అంది టీగన్.

"బేరియం కూడా ఆకుపచ్చే కదమ్మాయ్?"

"అది లేత ఆకుపచ్చండీ. దీన్లో నీలం కలిసింది, చూడండి."

మిసెస్ క్వైల్ తీగ దించి, ఆ పిల్లని ఒకసారి తేరిపార చూసింది. "సెప్టెంబర్లో నువ్వు ఇక్కడ కనబడాలి. లేకపోతే ఊరుకోను," అంది. బస్సులో యాభై నిమిషాలూ టీగన్ నోరు మూయలేదు. కెమిస్ట్రీ, బయాలజీ చదువుతుందట, మందుల చదువుకు వెళ్తుందట, తెల్లకోటు వేసుకుని మందులిస్తుందట. జనీన్ ఊ కొట్టింది. లోపల్లోపల పొంగిపోయింది కూడా. టీగన్ రెండు కాలేజీలకూ దరఖాస్తు పెట్టింది, రెండూ రమ్మన్నాయి. అక్కడ రెండు చోట్లా చోటు అట్టేపెట్టుకోవచ్చు. ఆగస్టులో మార్కుల కాగితం పట్టుకుని ఏ కాలేజీ బల్ల ముందు నిలబడితే అదే మన కాలేజీ.

ఫిబ్రవరిలో నమూనా పరీక్షలు పెట్టారు. లెక్కల్లో పేపర్లు రెండు రకాలు, పై పేపరు, కింది పేపరు. గ్రేడులు ఒకటి నుంచి తొమ్మిది దాకా, తొమ్మిదే అన్నిటికంటే పైది. కష్టమైన పై పేపరులో తొమ్మిదీ వస్తుంది గానీ, తప్పితే తప్పినట్టే. టీగన్‌ది పై పేపరు. పరీక్ష పొద్దున పిల్ల స్నానాలగదిలో వాంతి చేసుకుంది. నాలుగు వచ్చింది, అంటే అంచు మీద పాసు. మార్కులు చెప్పిన రాత్రి మంచం మీద బోర్లా పడుకుని ఏడుస్తున్న కూతురి వీపు చూస్తే జనీన్‌కి తన పరీక్ష హాలే కళ్ళ ముందుకొచ్చింది. తెల్లారాక స్టాఫ్ రూంలో టీకి నీళ్ళు పెట్టే వేళ ఓర్మరాడ్‌ని పట్టుకుంది.

"సార్, మా టీగన్‌ని కింది పేపరుకి మార్చెయ్యండి."

"వద్దండీ. ఇది భయంతో వచ్చిన నాలుగు. మేలో ఆరు తెస్తుంది. ఏడైనా తెస్తుంది, చూస్తూండండి."

"తప్పితే? కాలేజీలో మళ్ళీ మళ్ళీ రాయాలి. ఆ పాట్లు నేను పడ్డానండీ. నా పిల్ల పడకూడదు."

"కింది పేపరు ఎంత బాగా రాసినా అయిదుకి మించి ఇవ్వరు జనీన్ గారూ. ఆ పిల్ల చదవాలనుకునేదానికి..."

"అయిదు చాలండీ! మా ఇంట్లో అయిదంటే పండగే."

"టీగన్‌తో మాట్లాడారా?"

"మీరే మార్చారని చెప్పండి సార్. నేనన్నానంటే ఒప్పుకోదు. మీ మాటైతే వింటుంది."

"ఇది నాకేం నచ్చలేదు," అన్నాడాయన. కానీ ఆమె చేతిలోని కెటిల్ మూత గడగడమని వణుకుతోంది. ఆ చెయ్యి వంక కాసేపు చూసి, టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే పేపరు మార్చాడు, కారణం ఎవరికీ చెప్పలేదు.

"సారు నన్ను మొద్దన్నారమ్మా," అంది టీగన్ ఆ సాయంత్రం.

"అలా అన్నాడా?"

"అనాలా ఏంటి? మార్చేశారుగా."

జనీన్ తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. నిజం చెప్పేస్తే పోయేది! మర్నాటి నుంచి టీగన్ ఓస్విన్ పేరెత్తలేదు. అక్కడిచ్చిన గుడ్డసంచీ మంచం కిందికి పోయింది. "నేను యాభై ఎనిమిదే ఎక్కుతా, ముసలాళ్ళని చూసుకునే కోర్సులో చేరతా," అంది. ఆ పని తక్కువదని ఎవరన్నా అంటే జనీన్ చెంప పగలగొడుతుంది. తన తల్లి ఆఖరి రోజుల్లో ఆ కోర్సు చదివిన పిల్లలే వచ్చి ఒళ్ళు తుడిచి, తలదువ్వి, అన్నం తినిపించారు. కానీ టీగన్ దాన్ని ఇష్టపడి ఎంచుకోలేదు. రెండోది తన వల్ల కాదనుకుని ఎంచుకుంది. ఆ తేడా తల్లికి తెలియకపోలేదు.

జూన్‌లో, పరీక్షలన్నీ అయిపోయిన వారానికి, మంచం కింద ఊడుస్తుంటే గుడ్డసంచీ బయటపడింది. అందులో ఓస్విన్ పుస్తకం. కెమిస్ట్రీ పేజీ మూల మడిచి ఉంది. "లెక్కల్లో ఆరు తప్పనిసరి" అన్నచోట పెన్సిలుతో గుండ్రంగా గీత. ఫిబ్రవరిలో తను అడ్డుపడితే ఓర్మరాడ్ మింగేసిన సగం మాట ఏమిటో జనీన్‌కి అప్పుడు తెలిసింది. ఏం లాభం, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే? ఆ శుక్రవారం మాస్టారికి రెండు చేపలు వేసింది. ఆయన ఒకటి తీసి వెనక్కి ఇచ్చేశాడు.

ఆగస్టులో ఒక గురువారం ఫలితాలు. స్కూలు హాల్లో కవర్లు పంచుతున్నారు. ఒక పక్క కేకలు, ఒక పక్క ఏడుపులు. టీగన్ కాగితం విప్పింది. కెమిస్ట్రీ ఎనిమిది, బయాలజీ ఎనిమిది, లెక్కలు అయిదు.

ఓర్మరాడ్ దగ్గరికొచ్చాడు. "రెండొందల నలభైకి రెండొందల ముప్ఫై ఒకటమ్మా. నా సర్వీసులో ఆ పేపరు ఇంత బాగా రాసినవాళ్ళు లేరు."

"థాంక్సండీ," అంది టీగన్ ఎటో చూస్తూ, ముళ్ళు గుచ్చినట్టు. అని బయటికి నడిచింది. ఆయన మొహం చిన్నబోయింది. జనీన్ వైపు తిరిగి ఒక్కటే మాట అన్నాడు. "ఓస్విన్‌లో నాలుగింటిదాకా చేర్చుకుంటారు."

బస్టాపులో యాభై ఎనిమిది వచ్చి ఆగింది. టీగన్ కాలు పెట్టబోతే జనీన్ కూతురి చొక్కా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

"ఇది కాదు. ఇరవై రెండు."

"పిచ్చి పట్టిందా నీకు? అక్కడ ఆరు కావాలి!"

"తెలుసు. నోర్మూసుకుని ఎక్కు."

యాభై నిమిషాలు. ప్రతి మలుపులోనూ చెప్పేద్దామనుకుంది. ప్రతి మలుపూ దాటిపోయింది. టీగన్ ఫోనులోంచి తలెత్తలేదు.

ఓస్విన్ హాల్లో కెమిస్ట్రీ బల్ల వెనక మిసెస్ క్వైలే ఉంది. "రాగి పిల్లా! వచ్చావా!" అంటూ కాగితం అందుకుంది. ఎనిమిదీ ఎనిమిదీ చూసి మొహం విప్పారింది. లెక్కల దగ్గర ఆగింది. "కింది పేపరా? అయ్యో... మీ మాస్టారు దింపారంటే ఏదో చూసే దింపి ఉంటారు. ఏళ్ళ తరబడి నీకు పాఠం చెప్పిన మనిషి, ఆయన్ని కాదని నేనెలా తీసుకోను?"

"పదమ్మా," అంది టీగన్. "చెప్పాగా."

"మాస్టారు దింపలేదండీ," అంది జనీన్. "నేను దింపించాను. ఆయన వద్దనే అన్నారు. ఆరు తెస్తుంది, ఏడైనా తెస్తుందన్నారు. నేనే వినలేదు. ఆయన పేరు పెట్టి చెప్పమన్నదీ నేనే. మూడుసార్లు తప్పినదాన్నండీ నేను, భయమేసింది."

టీగన్ తల్లివైపు చూసింది. తిట్టినా బాగుండేది.

మిసెస్ క్వైల్ ఇద్దరినీ చూసి, సొరుగులోంచి నాలుగు కాగితాలు తీసింది. "ఇవి పై పేపరు లెక్కలు, ఇరవై. గంట టైము. పద్నాలుగు చేస్తే చేర్చుకుంటా. నవంబర్లో పై పేపరు మళ్ళీ రాసి ఆరు తేవాలి. ఇప్పుడే కూర్చుంటావా?"

"కూర్చుంటా," అంది టీగన్. తల్లి వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది.

ఆ గంటసేపు జనీన్ ప్లాస్టిక్ కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. లోపల కలం పడిన చప్పుడేమైనా వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించింది. ఎవరో టీ తెచ్చిచ్చారు, చల్లారిపోయింది. తలుపు తెరుచుకుంది.

"పదిహేడు," అంది మిసెస్ క్వైల్. పేరు రాసుకుంది.

తిరుగు బస్సులో టీగన్ కిటికీ పక్కన కూర్చుంది. సగం దూరం వచ్చాక నోరు విప్పింది.

"సారు నిజంగా అలా అన్నారా?"

"ఏమని?"

"ఏడైనా తెస్తుందని."

"అన్నారు."

"ఎక్కడ? ఏమని అన్నారు? అంతా మొదట్నుంచి చెప్పు."

జనీన్ చెప్పింది. కెటిలూ, టీ, అన్నీ. "మళ్ళీ చెప్పు," అంది టీగన్. మళ్ళీ చెప్పింది. ఆ పిల్ల మొహంలో నవంబరు నాటి వెలుగు మెల్లమెల్లగా తిరిగి వస్తుంటే, ఆరునెలలుగా దాన్ని ఆర్పి ఉంచింది తనేనని జనీన్‌కి తెలుస్తోంది.

"ఆయన అలా అంటే మరి నువ్వేమన్నావు?"

"అయిదు చాలన్నాను."

టీగన్ గొంతులో కోపం లేదు. "నాకు చాలదమ్మా," అంది.

థార్న్‌లాలో వాళ్ళింటికంటే ముందు స్కూలు స్టాపు వస్తుంది. టీగన్ లేచి గంట నొక్కింది. జనీన్ కూడా లేవబోయింది.

"నువ్వు ఇంటికెళ్ళు. సారు ఇంకా ఉంటారేమో, నేను మాట్లాడొస్తా."

జనీన్ కూర్చుండిపోయింది. బస్సు కదిలింది. కూతురు మార్కుల కాగితం చేతిలో పట్టుకుని స్కూలు గేటువైపు పరిగెత్తుతోంది.