సవరణమ్మ టీ చెంచా

ఎవరైనా జ్ఞాపకం చెబుతుంటే దిద్దకుండా ఊరుకోలేకపోవడం ఆవిడకున్న ఒకే ఒక్క జబ్బు. అందుకే యుద్ధంలో పనిచేసిన నర్సుల సంఘంలో అందరికీ ఆవిడ సవరణమ్మ.

ఏటా జరిగే స్మారక సభలో ముందు వరుసలో కప్పూ చెంచాతో కూర్చుంటుంది. చెంచా కప్పుకు తగిలిందంటే మాట్లాడేవాళ్ళ పని అయిపోయినట్టే.

"ఆ రోజు కుండపోతగా వాన..."

టంగ్. "తప్పు. నాలుగు చినుకులే. నువ్వు గొడుగు మర్చిపోయావు, అంతే."

పోయినేడు మేట్రన్ చనిపోతే రెండు నిమిషాలు మౌనం పాటించారు. అందులోనూ టంగ్. "నిమిషం నలభై సెకన్లే అయింది. అప్పుడే కూర్చుంటారేం?" సంతాప తీర్మానంలో 'శాంతమూర్తి' అన్న మాట రాగానే ఇంకో టంగ్. "ఎవరు, సర్జన్ మీదికి బెడ్‌పాన్ విసిరిన మనిషా?" ముందుగా నవ్వింది మేట్రన్ కొడుకే.

ఈ ఏడు మాత్రం సంఘం కార్యదర్శికి గుండె దడ. మాట్లాడబోయేది చిన్న సిస్టర్. ఒకప్పుడు కార్యదర్శి, సవరణమ్మ, చిన్న సిస్టర్ ముగ్గురూ ఒకే ఆస్పత్రి గుడారంలో పనిచేశారు. రెండేళ్ళుగా చిన్న సిస్టర్‌కు మతిమరుపు. సొంత కూతుర్నే "ఏ వార్డమ్మా నీది?" అని అడుగుతోంది. ఆ కూతురే సభకు తీసుకొచ్చింది. తల్లి నోట యుద్ధం సంగతి వినడం ఆమెకిదే మొదలు.

కార్యదర్శి ముందుజాగ్రత్తగా సవరణమ్మ చెంచా తీయించింది. ఆవిడ సంచిలో ఇంకోటి ఉంది.

"స్టాండు లేదు," అంటూ చిన్న సిస్టర్ చెయ్యెత్తి చూపించింది. "రక్తం సీసా ఇట్లా పట్టుకుని మూడు గంటలు నిలబడ్డాను. ఆ అబ్బాయి బతికాడు."

కార్యదర్శి సవరణమ్మ వైపు చూసింది. నిజానికి ఆ సీసా పట్టుకున్నది సవరణమ్మ. ఆనాటి నుంచే ఆవిడ కుడిచెయ్యి భుజం దాటి లేవదు. తల ఎడంచేత్తోనే దువ్వుకుంటుంది.

టంగ్.

చిన్న సిస్టర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కూతురు కుర్చీ అంచుకు జరిగింది.

"తప్పు," అంది సవరణమ్మ. "మూడు కాదు, నాలుగు గంటలు. నువ్వెప్పుడూ చేసినదాంట్లో కొంత తగ్గించే చెబుతావే."

చిన్న సిస్టర్ కూతురి వైపు తిరిగింది. "విన్నావా? నాలుగట."

సభ అయ్యాక మినిట్స్ రాస్తున్న కార్యదర్శి తల ఎత్తేసరికి పక్కన సవరణమ్మ నిలబడి ఉంది.

"అక్కా, ఆ సీసా..."

"నాలుగు అని అంకె వెయ్యకు. అక్షరాల్లో రాయి. అంకెలైతే ఎవరైనా దిద్దేస్తారు."