డౌడీ అంటే ఏంది

మగ్గం మీద నుంచి దిగిన మొదటి చీర ఫొటో పంపితే, పట్నంలో బట్టల దుకాణం నడిపే మేడం నా ఫోన్‌కు జవాబు పెట్టింది. నేత బాగుందట. చీర మాత్రం డౌడీగా ఉందట, మిగతావి వద్దట.

ఒక వార్పుకు, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగుకు, ఎనిమిది చీరలు. నూలుకు ముందే ముడులు కట్టి రంగులద్దుతాం కాబట్టి మొదటి చీర ఎలా ఉంటే చివరిదీ అలాగే వస్తుంది. నడుమ మార్చడానికి వీల్లేదు. ఈ సరుకు కూడా పోకపోతే నేత మానేసి చిట్యాల రోడ్డు మీది కంపెనీలో వాచ్‌మన్‌గా చేరతానని బాపు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఉత్తుత్తికే బెదిరించే మనిషి కాదు.

నేను ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతాను. ఆ మాట నాకు తెలుసు. అయినా నిఘంటువు తీశాను, ఎక్కడో ఒక మంచి అర్థం మిగిలి ఉండకపోతుందా అని. లేదు. కళ లేనిది, కాలం చెల్లినది అని ఉంది. బట్టలనే కాదు, కట్టుకున్న ఆడమనిషిని కూడా అంటారట. పైగా ఆ మాటే పాతబడిందట, ఇప్పుడు పెద్దగా ఎవరూ వాడరట. నాకు ఒళ్లు మండింది. ఎవరూ వాడని మాట తెచ్చి మా చీరను పాతదనడానికి ఆమెకు నోరెలా వచ్చిందో!

ఏమని రాసిందని అమ్మ అడిగింది. డౌడీ అని రాసిన్రు, ముసలోళ్లు కట్టుకునే చీర లెక్క ఉందంటున్నరని చెప్పాను. అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. ఆ నూలంతా ఆసు చట్రం మీద వేలసార్లు చెయ్యి తిప్పి తోడింది అమ్మే. అప్పుడు రెక్కలు పడిపోయి చెయ్యి పైకి లేవక, ఆమె తల నేనే దువ్వేదాన్ని.

బాపు కత్తెర అందుకున్నాడు. నేత మధ్యలో వార్పు కోయడం మా ఇళ్లలో ఎవరూ చేయరు. అమ్మ పోయి మగ్గానికి అడ్డంగా నిలబడింది.

"కోస్తే నా రెక్కలు కోసినట్టే."

బాపు కత్తెర కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మిగతా ఏడు చీరలు ఎవరి కోసం నేయాలో తెలియక నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి నన్ను దగ్గరికి పిలిచి, గా డౌడీ మాటకు ఉల్టా ఏందని అడిగాడు. స్టైలిష్ అన్నాను.

"అదెట్లుంటది బిడ్డా? జర చూపియ్యి. వచ్చే వార్పు గట్లనే కడత."

వచ్చే వార్పు అన్నాడు. వాచ్‌మన్ పని మాట ఎత్తలేదు. మేడం దుకాణం ఫొటోలు చూపిద్దామని ఫోన్ తీశాను. బాపు ఫోన్ వైపు చూడలేదు. నేను బడికి కట్టుకుపోయి వచ్చిన చీర కొంగు పట్టుకుని వేళ్లతో నలిపి చూస్తున్నాడు. ఉతకడం సులువని బజార్లో కొన్న పాలిస్టర్ చీర. దాని మీద మా ముడుల డిజైనే మిల్లులో అచ్చు గుద్ది ఉంది.

"గిట్లనా?" అని అడిగాడు.

కొంగు లాక్కోవడానికి నాకు చెయ్యి రాలేదు.