మాణిక్యం గారి జవాబులు

2023 శీతాకాలం. స్కార్‌బరోలో ఒక వినికిడి క్లినిక్‌లో ఆడియాలజిస్టుగా, అంటే చెవులు పరీక్షించి యంత్రాలు అమర్చే మనిషిగా, నాకది పదకొండో ఏడు.

రామ్మూర్తి గారికి అరవై తొమ్మిది. భార్య మాణిక్యం గారు ఆయన కోటు విప్పి, కుర్చీలో కూర్చోబెట్టి, సంగతంతా తనే చెప్పుకొచ్చారు. ఆయన తల్లి ఆల్జీమర్స్‌తో పోయారు. ఆ జబ్బు రిస్క్ పెంచే జీన్ ఈయనకూ ఉందని కొడుకు చేయించిన టెస్టులో తేలింది. ఇక తనకూ మొదలైపోయిందని ఆయన వాకింగ్, శనివారం పేకాట రెండూ మానేశారు. ఫ్యామిలీ డాక్టరేమో ముందు చెవులు చూపించుకు రమ్మన్నారట.

"అంకుల్, నిన్న ఏం కూర తిన్నారు?"

"బెండకాయ వేపుడమ్మా," అన్నారు మాణిక్యం గారు.

"మనవరాలి పేరేంటి?"

"అనన్య."

"ఆంటీ, టెస్టు మీకా, ఆయనకా?"

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయనకి గుర్తు రాకపోతే నలుగురిలో చిన్నబోతారమ్మా. అందుకే నేనే అందుకుంటున్నా."

నా నోటి దురుసుకు నాకే సిగ్గేసింది.

ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి చూపే గ్రాఫులో, రెండు చెవుల గీతలూ బాగా కిందికి దిగిపోయి, వినికిడి చాలా తగ్గిందని చూపించాయి. ట్రయల్ యంత్రాలు పెట్టి, మాణిక్యం గారిని నోరు మెదపొద్దని బతిమాలి, మళ్లీ అడిగాను.

"బెండకాయ. ఉప్పెక్కువైంది," అన్నారాయన. మనవరాలి పేరే కాదు, ఆ పిల్ల పెంచుకునే పిల్లి పేరు కూడా చెప్పారు. తర్వాత మెల్లగా, "అయితే నా బుర్ర బాగానే ఉందంటారా?" అన్నారు.

"అది మీ డాక్టరు మెమరీ టెస్టు చేసి చెప్పాలి అంకుల్. మీకు ప్రశ్నలే సరిగ్గా వినపడట్లేదు, నాకు తెలిసింది అంతే."

ఆ జీన్ ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదని, బీపీ, షుగరు, నడక, నలుగురితో మాటలు, వినికిడి ఇవన్నీ కొంతవరకు మన చేతిలో ఉన్నవేనని చెప్పాను. యంత్రం పెట్టుకున్నంత మాత్రాన జబ్బు రాదని మాటివ్వలేనని కూడా చెప్పాను. అబద్ధం చెప్పి ఆయన్ని సంతోషపెట్టాలని లేదు.

ఆయన చెవి దగ్గరి యంత్రాన్ని వేలితో తడుముకుంటూ ఉండిపోయారు. మాణిక్యం గారి పెదవులు కదిలాయి. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను.

"జీన్ మా అమ్మది. ఉండనీండి, పోమంటే పోతుందా?" అన్నారు చివరికి. "ఈ శనివారం పేకాటకి వెళ్తా."

అప్పటి నుంచి ఎవరినైనా ప్రశ్న అడిగితే మనసులో పది లెక్కపెట్టుకుంటున్నాను. ప్రేమకొద్దీ జవాబు మనమే చెప్పేస్తే, అవతల మనిషి ఇంకా అక్కడే ఉన్నాడని ఎవరికీ తెలియదు, చివరికి ఆ మనిషికి కూడా.