నా పలక గీసిన గీతలు

ఇన్నేళ్లుగా ఒక మాట గొంతులోనే ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడరు కాబట్టి ఈ ధైర్యం.

హిందూపురం బజారులో నాది రూపాయలు పరీక్షించే అంగడి. వెండి రూపాయను నల్లరాతి పలక మీద మోగించి, మంచిదైతే అరచేత్తో అవతలికి తోసేవాణ్ణి. ఆ పలకలో రెండు గరుకు పలుకులు పైకి తేలి ఉండేవి. నా చేతి కింద జారిన ప్రతి రూపాయి మీదా సన్నగా, పక్కపక్కనే రెండు గీతలు పడేవి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సర్కారు కొత్త రూపాయల్లో వెండి తగ్గించింది. మోత మారింది. ఏది మంచిదో, ఏది దొంగదో నా చెవికి అందకుండా పోయింది. ఆ మాట ఒప్పుకుని అంగడి మూసేసి ఉంటే సరిపోయేది. కానీ నా చెవికి తిరుగులేదని ఊళ్లో పేరు. ఆ పేరు వదులుకోలేకపోయాను.

చౌడప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మా ఊళ్లో చీరలు అమ్మి, రైలెక్కే ముందు చేతికొచ్చిన రూపాయలు నాకు చూపించుకుని పోయేవాడు. ఆసారి కూడా చూశాను, బాగున్నాయన్నాను. ఆయన ధర్మవరంలో పట్టునూలు కొనబోతే అందులో కొన్ని దొంగవని తేలాయి. పోలీసులు పట్టుకుపోయారు. ఆ దొంగ రూపాయలన్నిటి మీదా ఒకే తీరు గీతలున్నాయి కాబట్టి ఒకే అచ్చులో పోసి ఉంటాడని వాళ్ల అనుమానం. ఆ గీతలేమిటో చెప్పమని నన్ను పెనుకొండ కోర్టుకు పిలిపించారు.

కోర్టు వరండాలో చౌడప్ప నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, నీ పలక మిందనే గదా తోసి చూసినావు. బాగుండాయి అనింటివి. ఆ మాట లోపల చెప్పు, చాలు."

"నాకు జ్ఞాపకం లేదప్పా. దినామూ ఎంతమందో వస్తాండారు."

"నీకే జ్ఞాపకం ల్యాకపోతే నా గతేమప్పా?"

లోపల నా పేరు పిలిచారు, వెళ్లాను.

అచ్చు పగిలితే నాణెం మీద గీత పైకి ఉబ్బుతుంది. రాపిడి గీత లోపలికి దిగుతుంది. గోటితో తడిమితే తెలిసిపోతుంది. కోర్టులో అందరి ముందూ తడిమాను. లోపలికే దిగి ఉంది. అచ్చు పగులు అన్నాను. ఎవరూ మళ్లీ తడిమి చూడలేదు. ఆయన దగ్గర మిగిలిన మంచి రూపాయల మీదా అవే గీతలుండాలి కదా, అవి తెప్పించమని నేనూ అనలేదు.

భయపడ్డానా? భయమంటే నాకే కాస్త మర్యాదగా ఉంటుంది. ఎవరూ నన్ను బెదిరించలేదు. దొంగ రూపాయలను మంచివన్నది నేనేనని నలుగురికీ తెలుస్తుందనే, నా పేరు కోసమే, ఒక మనిషిని జైలుకు పంపాను. చౌడప్ప జైల్లోనే జబ్బు చేసి పోయాడు. ఆయన భార్య మగ్గం అమ్ముకుని నల్లమాడ వైపు వేరుశనగ కూలికి పోయిందని విన్నాను. వెతుక్కుంటూ పోలేదు. పోయి ఏమని చెప్పాలి?

కోర్టు నుంచి వచ్చిన రోజే ఉలి తెచ్చి పలకలోని ఆ రెండు పలుకులూ కొట్టేశాను. అంగడి ఆ తర్వాత కూడా బాగానే నడిచింది.

ఆ పలుకులు కొట్టేయక ముందు నా పలక మీద జారిన రూపాయి ఒకటి మాత్రం దాచుకున్నాను. ఇది రాసే ముందు దాన్ని గోటితో తడిమాను. గీత లోపలికే ఉంది. అది నా పలక గీసిందే చౌడప్పా.