జాబితాలో నాలుగో వస్తువు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, సహాయ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నాకు చివరి బదిలీ అయింది. మేజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే ఉద్యోగం అది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ తిరిగినవాణ్ణి. ఇప్పుడు చెప్పేది ఏ కోర్టులో జరిగిందో మాత్రం చెప్పను. సంబంధించినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు.

ఆ బదిలీ తర్వాత ఒక ఉదయం పోలీసులు హషీం అనే బర్మా మనిషిని హాజరుపరిచారు. రొయ్యల చెరువుల మీద కూలిపని చేసుకుంటున్నాడు. పాస్‌పోర్టు, వీసా లేవని విదేశీయుల చట్టం కింద కేసు పెట్టారు. జైలుకు పంపితే, ఆ తర్వాత దేశం నుంచి పంపేసే ప్రయత్నం మొదలవుతుంది. వెనక్కి వెళితే చంపేస్తారని అతని భయం. భార్య చంటిబిడ్డతో కోర్టు మెట్ల మీద కూర్చుని ఉంది.

ఉచిత న్యాయ సహాయపు వకీలు బెయిలు అడిగారు. పోలీసులు రాసిచ్చిన కాగితం చూసి, ఎలాంటి పత్రాలూ లేవు, బెయిలు ఇవ్వవద్దని గడగడా చెప్పేశాను.

హషీంకు ఉర్దూ వచ్చు. దుబాసీగా మస్తాన్ గారనే దర్జీని పిలిపించారు. ఆ పెద్దాయన హషీం మాట రెండుసార్లు విని నావైపు తిరిగారు.

"సార్, కార్డు మీ దగ్గరే ఉందంటున్నాడండి."

"నా దగ్గరేంటండీ?" అని విసుక్కున్నాను.

"పోలీసోళ్లు తీసుకున్నారంట. ఓసారి చూడండి సార్, పోయేదేముంది?"

అరెస్టు చేసినప్పుడు మనిషి దగ్గర దొరికినవన్నీ సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ఎదుట జాబితా రాసి, కవరులో పెట్టి సీలు వేస్తారు. ఆ జాబితా నా ఫైల్లోనే ఉంది. సెల్‌ఫోను, బీడీకట్ట, దువ్వెన. నాలుగోది 'ఫొటో గల ప్లాస్టిక్ కార్డు ఒకటి'. కానిస్టేబులు అదేమిటో తెలియక చూసింది చూసినట్టు రాశాడు. చదవాల్సిన నాకేమైంది?

మేజిస్ట్రేటు గారి అనుమతితో కవరు తెరిచాం. హషీంను శరణార్థిగా గుర్తిస్తూ ఒక అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన కార్డు అది. గడువూ దాటలేదు. మన దేశంలో శరణార్థుల కోసం వేరే చట్టం లేదు. ఆ కార్డు వీసాతో సమానమూ కాదు. కానీ రాజ్యాంగం ప్రాణానికిచ్చిన రక్షణ పౌరులకే కాదు, ఈ గడ్డమీదున్న ప్రతి మనిషికీ వర్తిస్తుంది. ప్రభుత్వం తరఫున ఆ మాట చెప్పాల్సింది నేనే. లేచి చెప్పాను, నా అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను.

వారానికోసారి స్టేషన్లో సంతకం చేయాలన్న షరతుతో బెయిలు వచ్చింది. బయట మస్తాన్ గారికి చేతులు జోడించాను.

"నాదేముందండి, అతను చెప్పిందే చెప్పాను" అన్నారాయన.

ఆయన ఆ మాట అనకపోతే, ఒక మనిషిని నా నోటితో నేనే గండంలోకి నెట్టేవాణ్ణి. ఆ కృతజ్ఞత ఇప్పటికీ ఉంది. తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఎవరి దగ్గరైనా పత్రాలు లేవని కోర్టుకు చెప్పేముందు, అతని దగ్గర మనం ఏమేం తీసుకున్నామో చదివేవాణ్ణి.