పొజ్జే దొడ్డికి రోగం వచ్చిన ఏడు

దూడ మెడ మీద వేళ్లకు తగిలినవి జోరీగ కాట్లే అనుకుంది పొజ్జే. వానలు మొదలైతే వాళ్ల ఊరు మద్దేడ్‌లో ఏ పశువుకైనా అవి తప్పవు. కానీ భుజం మీదుగా పొట్ట దాకా నిమిరేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. రేగుపండంత గడ్డలు, పదిహేను దాకా ఉన్నాయి. దూడ ఒళ్లు కాలిపోతోంది. ముక్కు కారుతోంది.

ఆమె లేచి నిలబడి దొడ్డి అంతా కలియజూసింది. ఇరవై మూడు పశువులు, అన్నీ ఒకే రేకుల కింద.

ఆ దూడ వచ్చి పది రోజులైంది. గీదం వైపు రోడ్డు పక్కన పడి ఉంటే ఒక జీపు డ్రైవరు ఎత్తుకొచ్చి దింపి పోయాడు. కొత్తగా వచ్చిన పశువును మూడు వారాలు విడిగా కట్టాలని, దగ్గరి పట్నం బీజాపూర్‌లో పశువులకు వైద్యం చేసే ప్రవీణ్‌కుమార్ ఎన్నోసార్లు చెప్పాడు. అందుకని వాగు అవతల ఒక పాక కూడా వేసి పెట్టారు. దూడ వచ్చిన రోజే గాలివానకు ఆ పాక కప్పు లేచిపోయింది. వణుకుతున్న దానిని వానలో వదల్లేక మిగతా వాటి మధ్యనే కట్టింది పొజ్జే. రెండు రోజుల్లో కప్పు వేయిద్దాం అనుకుంది. నాట్ల పనుల్లో పడి మరిచిపోయింది.

పొజ్జే వాళ్లు దోర్ల తెగ రైతులు. తొమ్మిదేళ్ల క్రితం దాకా ఆమెకు రెండెకరాల వరి, ఇప్పపూలకూ తునికాకుకూ పోయే అడవి, ఇవే లోకం. ఒక సాయంత్రం ఆమె నల్ల ఎద్దును హైవే మీద లారీ గుద్దింది. ముందు కాలు మోకాలి కింద విరిగింది. ఇక దున్నదు, అమ్మెయ్యమన్నారు అందరూ. ఆమె దాని తల ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీదే కూర్చుంది. దారి లేక బస్సు ఆగింది. అందులోంచి దిగిన పార్వతమ్మ, బచేలి గనుల టౌన్‌షిప్‌లో ఉండే శ్రీకాకుళం ఆవిడ, తన సంచిలోని దుప్పటి చింపి ఇచ్చింది. వెదురుబద్దలతో ఇద్దరూ కలిసి కట్టు కట్టారు. మూడు నెలలకు ఎద్దు లేచింది. దున్నలేకపోయినా కుంటుతూ తిరిగి మేసేది.

ఆ సంగతి చుట్టుపక్కల పాకింది. లారీలు గుద్దినవి వచ్చాయి, ముసలివైపోయి వదిలేసినవి వచ్చాయి. అడవిపందుల కోసం పెట్టిన నాటుబాంబు కొరికి దవడ పగిలిన ఆవు ఒకటి వచ్చింది. పార్వతమ్మ టౌన్‌షిప్ వాళ్లను కూడగట్టి రేకులూ మందులూ పంపింది. ఆఫీసుల చుట్టూ తిరిగి ఆసరా సమితి పేరుతో పంజీయన్, అంటే రిజిస్ట్రేషన్, చేయించింది. బోర్డు మీద ఆ పేరే ఉన్నా ఊళ్లో మాత్రం అది పొజ్జే దొడ్డి. తొమ్మిదేళ్లలో నాలుగొందలకు పైగా పశువులు అక్కడ కోలుకున్నాయి. ఊరివాళ్లూ మారారు. వానాకాలంలో పొడిగా ఉంటుందని పశువులు రోడ్డెక్కి పడుకునేవి. ఇప్పుడు పొద్దుగూకే లోపల ఇంటికి తోలుకొస్తున్నారు.

ఆ ఊరి పశువులన్నిటికీ ఇప్పుడు తన దొడ్డి నుంచే రోగం వచ్చేలా ఉంది.

ఆమె భర్త మాడ వచ్చి గడ్డలు తడిమి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఎవలకూ చెప్పకు. ఈగలు యాడికెళ్లైనా వస్తయి. మన దూడతోనే వచ్చిందని ఎవలకెరుక?"

పొజ్జే ప్రవీణ్‌కుమార్‌కు ఫోన్ చేసింది. అతను అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

"లంపీనే పొజ్జక్కా, ఈగలతోని పాకే గడ్డల రోగం. దూడను ఇప్పుడే విడిగా కట్టు. టీకా రోగం తగలని వాటికే పనిచేస్తది. వాగులు పొంగినయి, ఎల్లుండి గానీ నేను రాలేను. అప్పటిదాకా ఊళ్లో ఒక్క పశువు బయట తిరగొద్దు."

"ఊరోళ్లకు నువ్వు ఫోన్ల చెప్తవా?"

"నేను చెప్తే ఎవరు ఆగుతరు? నాట్ల రోజులు. నువ్వే చెప్పాలె."

సుక్రాం పొలం దొడ్డికి ఆనుకునే ఉంటుంది. అతని ఎద్దులు రోజూ అక్కడి బీడులోనే మేస్తాయి. గట్టు మీద నడుస్తూ పొజ్జే రెండుసార్లు ఆగింది. రోగం ఎక్కడో ఉందట, జాగ్రత్త అని చెప్పి వెనక్కి రావచ్చు. అది అబద్ధం కూడా కాదు. అనుకుంటూ ఉండగానే పొలం వచ్చేసింది. సుక్రాం నాగలి ఆపాడు.

"సుక్రాం, ఎద్దుల్ని విప్పి ఇంటికి తోలు. దొడ్డిల దూడకు లంపీ వచ్చింది."

"ఎప్పుడు?"

"గడ్డలు ఈ పొద్దుగాల చూసిన. దూడ వచ్చి పది రోజులాయె. విడిగ కట్టాల్సి ఉండె, కట్టలే. తప్పు నాదే."

"నాట్లప్పుడు ఎద్దుల్ని ఇంట్ల కట్టెయ్యమంటవా వదినె? పిల్లలకు ఏం పెట్టాలె?"

"నాట్ల సంగతి తర్వాత చూద్దం. ముందు తోలు."

అతను వంగి రెండు ఎద్దుల ఒళ్లూ తడిమి చూశాడు. మెడ, ఛాతీ, తొడలు. ఏమీ తగల్లేదు. అయినా సుక్రాం ఆమె ముఖం చూడకుండానే కాడి విప్పాడు.

మధ్యాహ్నానికి ఊరంతా దొడ్డి ముందు చేరింది. దొడ్డి ఎత్తెయ్యమన్నారు కొందరు. మొదట్నుంచీ వద్దంటూనే ఉన్నామన్నారు ఇంకొందరు. పొజ్జే వాదించలేదు. "టీకాలు వేసినంక మీరు ఏమంటే అది. రెండు రోజులు మాత్రం పశువుల్ని కట్టేసి ఉంచుండ్రి" అంది.

ఆ రెండు రోజులూ ఆమె వేపాకు పొగ వేస్తూనే ఉంది. దొడ్డిలోంచి వస్తే సబ్బుతో చేతులు కడిగి చీర మార్చుకునేది. ఇంటి దగ్గర కట్టేసిన తన ఎద్దులను గంటకోసారి తడిమేది. లేని గడ్డలు తగిలేవి. మాడను పిలిచి తడమమనేది.

మూడో రోజు ప్రవీణ్‌కుమార్ టీకాల డబ్బా నెత్తిన పెట్టుకుని నడుంలోతు వాగు దాటి వచ్చాడు. చీకటి పడేలోగా ఊళ్లో బాగున్న పశువులన్నిటికీ టీకాలు వేశాడు. "మూడు వారాలు గడిస్తేనే టీకా నిలబడ్డట్టు" అని చెప్పి వెళ్లాడు.

అసలు భయం ఆ మూడు వారాలే. దూడ మర్నాడే చచ్చిపోయింది. దొడ్డిలో ఇంకో తొమ్మిదింటికి రోగం తగిలి మూడు పోయాయి. వాటిలో నల్ల ఎద్దు ఒకటి. మాడ నిలువెత్తు లోతు గొయ్యి తీశాడు. సున్నం చల్లుతున్నప్పుడు కూడా పొజ్జే ఏడవలేదు. ఊళ్లోంచి ఏ కబురు వస్తుందోనని ఆమె చెవులు అటే ఉన్నాయి.

కబురు వచ్చింది. ఊళ్లో ఐదింటికి గడ్డలు లేచాయి. నాలుగు కోలుకున్నాయి. పోయిన ఒక్కటీ సుక్రాం దాపటి ఎద్దు.

మూడు వారాలు నిండాక పొజ్జే తన ఎద్దుల జతను తోలుకెళ్లి సుక్రాం వాకిట్లో కట్టింది. అతను వాటితో దున్నుకున్నాడు. తన నాట్లు పూర్తయ్యాక వాటిని వాగులో కడిగి తెచ్చి ఆమె వాకిట్లో కట్టి వెళ్లాడు. అప్పటికి పొజ్జే పొలంలో సగమే నాటగలిగారు. మిగతాది అదను దాటి ఆ ఏడు బీడుపడింది.

దొడ్డి మూసెయ్యాలని ఎవరూ మళ్లీ అనలేదు. వాగు అవతలి పాకకు ఊరివాళ్లే కప్పు వేశారు. సుక్రాం రాలేదు. పార్వతమ్మ బచేలి నుంచి వచ్చి నల్ల ఎద్దును పూడ్చిన చోట కాసేపు నిలబడి, "ఇంకెవరైనా అయితే చెప్పుండరు పొజ్జమ్మా" అంది. పొజ్జేకు ఆ మాట ఊరటనివ్వలేదు. ఇంకెవరైనా అయితే దూడను విడిగానే కట్టేవారేమో.

మరుసటేడు వానల్లో ఒక ఉదయం ఆమెకు ఫోన్ వచ్చింది. అటవీ దారిలో నాలుగు ఊళ్ల అవతల ఉండే బుధ్రి అనే ఆవిడ.

"మా ఆవుకు గడ్డలు లేచినయి. ఇంకా ఎవలకూ చెప్పలే. చెప్తే కొడతరేమో అని భయమైతాంది."

"పక్కింట్ల పశువులున్నయా?"

"పన్నెండున్నయి."

"నడువు. ఇప్పుడే పోయి చెప్పు. నేను ఫోన్ల ఉంట. నువ్వు చెప్పినంక డాక్టర్ సాబ్‌కు నేను చేస్త."

చెవి దగ్గర ఫోన్‌లో బురదలో అడుగుల చప్పుడు, కుక్క మొరగడం, తడక తీసిన శబ్దం వినిపించాయి. ఎవరో మగమనిషి ఏమిటని అడిగాడు. బుధ్రి చెప్పడం మొదలుపెట్టింది.