ఆర్డిస్ నింపిన ఇరవై తూటాలు

ఆర్డిస్ నీగార్డ్ నోట్లో పడని మనిషి కాటర్ వాగు లోయలో లేడు. ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటగదిలో గరిటె తిప్పిన చెయ్యి ఆవిడది. ఇవాళ గొడ్లు మేపుకుంటూ, ట్రాక్టర్లు తోలుకుంటూ, మీసాలు దువ్వుకుంటూ తిరిగే మొనగాళ్ళంతా ఒకప్పుడు పళ్ళెం పట్టుకుని ఆవిడ ముందు వణికినవాళ్ళే. "చిక్కుళ్ళు వదిలేశావో, రేపు రెండింతలు పెడతా" అనేది. అన్నంత పనీ చేసేది కూడా.

అలాంటి మనిషి తూటాలు నింపే కొట్టుగదిలోకి అడుగు పెడితే మాత్రం నోట్లో నాలుక లేనట్టు అయిపోయేది. ఆ కొట్టు వంటింటి వెనకాలే ఉంటుంది. ఒక గోడకి పచ్చళ్ళ సీసాలు, ఇంకో గోడకి మొగుడు చేసిన బల్ల. బల్లకి బిగించిన ఇనుప ప్రెస్, దిండు గలేబు కప్పిన త్రాసు, తుపాకి మందు నింపి ఉంచే గరాటు. లోయలో సగం ఇళ్ళల్లో ఈ సరంజామా ఉంటుంది, చాలావాటికి తుప్పూ ఉంటుంది. ఆర్డిస్ వస్తువులకి మాత్రం తుప్పు పట్టే ధైర్యం లేదు. అచ్చులు విప్పి గుడ్డతో తుడిచేది, ప్రెస్ కాడకి చుక్క నూనె వేసేది, త్రాసు నిజం చెబుతోందో లేదో ప్రతిసారీ తూకపు బిళ్ళ పెట్టి పరీక్ష చేసేది.

కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని మనవాళ్ళు పారేయరు. వంగి ఏరుకుని జేబులో వేసుకుంటారు. దాన్ని కడిగి, అచ్చులో నొక్కి, అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ దిగ్గొట్టి, మందు తూచి పోసి, మూతి మీద గుండు బిగిస్తే మళ్ళీ తూటా. బజార్లో కొన్నది ఎవరి తుపాకీకైనా సరిపోతుంది. ఇంట్లో నింపింది మాత్రం ఒకే తుపాకీకి కొలతిచ్చి కుట్టించిన చొక్కా.

ఈ విద్య ఆవిడకి నేర్పింది మొగుడు వెర్లిన్. కౌంటీ రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. మాట తక్కువ మనిషి. ఆవిడ పక్కన ఇంకోలా బతకడం కుదరదు కాబట్టి అలా అయ్యాడని లోయలో వేళాకోళం. ఆ తక్కువ మాటల్లోనే మూడు మాటలు పదే పదే అనేవాడు. బల్ల మీద ఒక్క మందు డబ్బాయే ఉండాలి. మందు పోసేటప్పుడు దేవుడు పిలిచినా పలకకూడదు. పేరు తెలియని మందు మందు కాదు, పెరట్లో ఎరువు.

ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. పోవడానికి నెల ముందు ఇరవై తూటాలు నింపి డబ్బాలో పెట్టాడు. దాని మీద చీటీ అంటించి మందు పేరు, తూకం, తేదీ రాశాడు, కింద "వె. నీ." అని పొడి అక్షరాలు. ఆ డబ్బా పై అరలో అలాగే ఉంది. ఆయన తుపాకీని నాలుగేళ్ళ కిందట మరిది కూతురు కోరిన్‌కి ఇచ్చేసింది ఆర్డిస్. పశువుల డాక్టరు దగ్గర పనిచేసే పిల్ల, గురి మంచిది, నోరూ మంచిదే. తుపాకీతో పాటు ఆ డబ్బా కూడా ఇస్తావా పెద్దమ్మా అని ఒకసారి అడిగింది పాపం. "దాని మీద చెయ్యి వేశావంటే వేళ్ళు లెక్కపెట్టుకో" అంది ఆర్డిస్. పిల్ల మళ్ళీ అడగలేదు.

ఆ అక్టోబరులో దుప్పుల వేట శనివారం మొదలవుతుందనగా, మంగళవారం ఆర్డిస్ బల్ల ముందు కూర్చుంది. ముందు పక్కింటి డెల్మర్ తోడేళ్ళ మీద వాడే చిన్న తుపాకీకి పాతిక తూటాలు, తర్వాత కోరిన్‌కి ఇరవై. డెల్మర్‌వి అయిపోయాయి. అప్పుడే ఆ పెద్దమనిషి కిటికీ దగ్గరికొచ్చి కేకేశాడు.

"ఆర్డిస్! నీ గుర్రాలు రోడ్డెక్కాయి! కట్టెల లారీ వచ్చే వేళ, చూసుకో మరి!"

ఆవిడ లేచింది. గది వదిలితే బల్ల మీద ఏదీ ఉండకూడదన్నది ఆవిడ శుభ్రం. మందు డబ్బా ఎత్తి అరలో పెట్టేసింది, త్రాసుకి గలేబు కప్పింది, గుర్రాల వెనక పరిగెత్తింది. గంట తర్వాత వచ్చి, కోరిన్ మందు డబ్బా దించి, గరాటులో సగానికున్న మందుతోనే మొదలుపెట్టి కోరిన్ తూటాలు ఇరవయ్యీ తూచి తూచి నింపింది. మిగిలింది ఆ డబ్బాలో పోసేసింది. బుధవారం పిల్ల వచ్చి పట్టుకెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నం, ఇక ఈ ఏటికి పని అయిపోయిందని సామాను శుభ్రం చేయడానికి కూర్చుంది ఆర్డిస్. గరాటు విప్పి, తుడుస్తూ తిప్పింది. పక్కన అంటించిన టేపు ముక్క కనబడింది. గరాటులో ఏ మందు పోస్తే ఆ పేరు టేపు మీద రాసి అంటించడం ఆవిడ అలవాటు. మందు మారిస్తే టేపు మారాలి.

టేపు మీద డెల్మర్ మందు పేరుంది.

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది. పేరు మారలేదు. గుర్రాల కోసం లేచే ముందు గరాటు ఖాళీ చేసి కోరిన్ మందు పోసి, టేపు మార్చడం మాత్రమే మరిచిందా? లేక గరాటులో ఉన్నది డెల్మర్ మందేనా? ఎంత తవ్వినా గుర్తు రాలేదు. గుర్రాల డెక్కలు గుర్తున్నాయి, డెల్మర్ టోపీ గుర్తుంది, గరాటు మాత్రం గుర్తు లేదు. రెండు మందులూ చూడ్డానికి ఒకటే, నువ్వుల కంటే సన్నటి బూడిదరంగు పలుకులు. కానీ డెల్మర్‌ది గబుక్కున మండే రకం. పెద్ద తుపాకీకి తూచినంత తూకంలో దాన్ని పోస్తే అది తూటా కాదు, బాంబు. కోరిన్ ఆ తుపాకీకి చెంప ఆనించి కాలుస్తుంది.

"ఓరి దేవుడో, ఏం చేశాన్రా నాయనా" అంది ఆర్డిస్, ఆ గదిలో మొదటిసారి గట్టిగా మాట్లాడుతూ.

ఫోను చేసింది, మోగలేదు. గుడారాలు వేసే కొండ మీదికి ఫోన్లు అందవు. కోరిన్, డెల్మర్, ఇంకో ఇద్దరు పొద్దున్నే ఎక్కిపోయారు. తెల్లారితే వేట. అంతకన్నా ముందు, ఇవాళ సాయంత్రమే తుపాకీ గురి చూసుకోకుండా ఎవరుంటారు?

కోటు తొడుక్కుంది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. ఇరవై తూటాలు లాక్కుంటే పిల్ల ఏడాదంతా ఎదురుచూసిన వేట పోతుంది. వెనక్కి వచ్చి, స్టూలెక్కి, పై అరలోంచి వెర్లిన్ డబ్బా దించింది. దుమ్ము కూడా తుడవలేదు.

ఇరవై మూడు మైళ్ళ అడవి రోడ్డు. సగం బురద, సగం మంచు. పాత పికప్ బండి వంకర్లలో జారుతుంటే ఆవిడ బండిని తిట్టింది, రోడ్డుని తిట్టింది, గుర్రాలని తిట్టింది. చివరికి తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. ఆఖరి మలుపు ఇంకా ఉండగానే కొండ మీద తుపాకీ పేలింది.

ఆవిడ బండి ఆపేసింది. ఆపానని కూడా తెలియలేదు. అరుపు వినిపిస్తుందేమోనని అద్దం దించి చెవొగ్గింది. ఏమీ వినపడలేదు. వినపడకపోవడం మంచిదో చెడ్డదో తెలియక, అలాగే బండి ముందుకి దూకించింది.

గుడారాల దగ్గర డెల్మర్ నిలబడి తన తుపాకీ దులుపుకుంటున్నాడు. దూరంగా మొద్దు మీద గురికి పెట్టి కాల్చిన రేకు డబ్బా పడి ఉంది. పేల్చింది వాడు. పక్కనే టార్పాలిన్ మీద కోరిన్ బోర్లా పడుకుని, బియ్యం మూట మీద తుపాకీ ఆనించి, చెంప ఆనిస్తోంది.

ఆర్డిస్ అరవలేదు. వేలు మీట మీద ఉన్న మనిషిని ఉలికిపడేలా చేయకూడదని తెలుసు. పిల్లల ముందు గరిటె దించినంత మెల్లగా నడిచి, వెనక నిలబడింది.

"కోరిన్. వేలు బయటికి తియ్యి."

"పెద్దమ్మా? నువ్విక్కడేంటి? ఏమైంది ఇంటి దగ్గర?"

"వేలు తియ్యమన్నాను. ఇప్పుడు బోల్టు తెరువు. ఆ తూటా నా చేతిలో పెట్టు."

కోరిన్ అలాగే చేసింది. వెచ్చటి అరచేతిలో చల్లటి ఇత్తడి పడగానే ఆర్డిస్ తడి నేల మీదే చతికిలపడింది. మూట పక్కనున్న తూటాల డబ్బా లాక్కుని లెక్కపెట్టింది. పంతొమ్మిది. చేతిలోదానితో ఇరవై. ఒక్కటీ పేలలేదు.

గుడారంలోంచి మిగతా ఇద్దరూ గరిటెలు పట్టుకుని బయటికొచ్చారు. డెల్మర్ దగ్గరికొచ్చాడు. ఈ డెల్మర్‌నే నలభై ఏళ్ళుగా ఆర్డిస్ ఏకిపారేసింది. వాడు నింపిన తూటాలు చూసి "కోడి గెలికినట్టున్నాయి" అని చర్చి మెట్ల మీద పదిమందిలో అన్న మనిషి. వాడికి తనే నింపిపెట్టడం మొదలైంది అప్పటినుంచే.

"ఈ ఇరవై తూటాల్లో ఏ మందుందో నాకు తెలియదు" అంది ఆర్డిస్. "పిల్లదయినా కావచ్చు, నీదయినా కావచ్చు. టేపు మార్చలేదు. గుర్తు లేదు. నాకు తెలియదు."

కుండలో చిక్కుళ్ళు మాడుతున్న వాసన వచ్చింది.

"ఇట్లాంటి మాట నీ నోటివెంట వినాలని నలభై ఏళ్ళు కాచుకున్నానే" అన్నాడు డెల్మర్, టోపీ తీసి. "తీరా విన్నాక ఒక్క ముక్క వెటకారం రావట్లేదు, చూడు. ఆ రోజు కిటికీ దగ్గర కేకేసింది నేనే కదా."

"నువ్వు పిలిచావు. పలికింది నేను. దేవుడు పిలిచినా పలకొద్దన్నాడు ఆయన. నువ్వేమో దేవుడివీ కావు, పాడూ కావు."

"హమ్మయ్య, మనిషి బాగానే ఉంది" అన్నాడు వాడు.

కోరిన్ నవ్వలేదు. పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "ఇంక నేను వేటకి పోను, పెద్దమ్మా. ఇంటికెళ్దాం పద."

"ఎందుకు పోవు?" ఆర్డిస్ కోటు జేబులోంచి దుమ్ము పట్టిన డబ్బా తీసింది. "ఇవి ఇదే తుపాకీకి నింపినవి. ఎవరు నింపారో, ఏ మందో చీటీ మీదుంది. ఆయన రాసింది తప్పు కాదు."

చీటీ చూసి కోరిన్ చేతులు వెనక్కి లాక్కుంది. "వద్దు. అవి పెదనాన్నవి. వేళ్ళు లెక్కపెట్టుకోమన్నావు."

"లెక్కపెట్టుకో. పదీ ఉన్నాయి కదా. ఇంక తీసుకో."

ఇంటికొచ్చాక, శనివారం తెల్లారి, ఆర్డిస్ ఇరవై తూటాల్నీ ఒక్కొక్కటిగా బోలు తల ఉన్న సుత్తిలో బిగించి, నేలకేసి కొట్టి గుండ్లు ఊడదీసింది. మందు పళ్ళెంలో పోసి కిటికీ దగ్గర పెట్టి చూసింది. బూడిదరంగు పలుకులు. ఏదైనా కావచ్చు. ఆ మిగులు పోసిన డబ్బాని ఇంక నమ్మడానికి లేదు కాబట్టి అదీ తెచ్చి, అంతా పెరట్లో ముల్లంగి మడి మీద చల్లేసింది. పాత మందు మొక్కలకి మంచి ఎరువు. తప్పు చేసిందో లేదో ఆవిడకి ఈ జన్మలో తెలియదు. అదే ఆవిడని కాల్చేసింది. తప్పని తేలితే తిట్టుకుని ఊరుకునేది, ఒప్పని తేలితే మీసం తిప్పేది. రెండూ లేవు. ప్రెస్‌కి నూనె వేసి, గలేబు కప్పి, కొట్టుకి గడియ పెట్టింది. ఇంక తీయకూడదనుకుంది.

ఆదివారం సాయంత్రం కోరిన్ వచ్చింది. బురద బూట్లతోనే వంటింట్లోకి వచ్చి, గుడ్డలో చుట్టిన దుప్పి తొడ బల్ల మీద పెట్టింది. దాని పక్కన వెర్లిన్ డబ్బా పెట్టి మూత తీసింది. పంతొమ్మిది గుండ్లు పైకి చూస్తున్నాయి. ఇరవయ్యో గూటిలో ఖాళీ గొట్టం తలకిందులుగా ఉంది.

"ఒక్కటే కాల్చాను. గొట్టం మంచులో పడితే చేతులతో తవ్వి తెచ్చాను" అంది. "మిగతావి నీవి. దాచుకో."

ఆర్డిస్ ఆ ఖాళీ గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పింది. మూతి దగ్గర మసి ఉంది. తొమ్మిదేళ్ళ కింద ఆయన నింపిన మందు మసి. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. "దాచుకోమని నింపాడా ఆయన? ఉంచుకో నువ్వే. ఇది మాత్రం ఖాళీగా బాలేదు."

"అయితే నింపు."

"నేను ఇంక ముట్టుకోనే. నా మీద నాకు నమ్మకం పోయింది."

"నీ మీద నువ్వు నమ్మకం పెట్టుకోకు, నేను పక్కన కూర్చుంటా" అంది కోరిన్, బూట్లు విప్పుతూ. "ఇద్దరి కళ్ళూ ఒకేసారి గుర్రాల వెనకాల పోవు కదా."

"నోరు మరీ ఎక్కువైంది నీకు."

"ఎవరి చిక్కుళ్ళు తిని పెరిగానూ?"

కొట్టు గడియ తీశారు. అరలోంచి మూత తీయని కొత్త డబ్బా దించారు. పేరు కోరిన్ పైకి చదివింది, ఆర్డిస్ పైకి చదివింది. టేపు మీద రాసి, గరాటుకి అంటించి, దాన్నీ ఇద్దరూ చదివారు. ఆర్డిస్ తూచింది, కోరిన్ తూకం చూసింది. బయట డెల్మర్ కుక్క మొరిగింది, ఎవరూ తల తిప్పలేదు. గుండు బిగించి, తూటాని ఇరవయ్యో గూటిలో పెట్టారు.

"చీటీ మీద రాయాలి" అంది ఆర్డిస్. "ఇది ఆయనది కాదు కదా. పేరు లేకుండా ఉండకూడదు."

కోరిన్ పెన్ను తీసుకుంది. మందు పేరు, తూకం, తేదీ రాసి, వెర్లిన్ పొడి అక్షరాల కింద ఒక్క వరస చేర్చింది. ఆర్డిస్ కళ్ళద్దాలు పెట్టుకుని, వేలు ఆనించి, దాన్నీ పైకే చదివింది. "ఇరవయ్యోది పెద్దమ్మ పోసింది. నేను చూశాను."